సాక్షి దిబ్బ

గుండ్లమేడు క్వారీ గొయ్యి పక్కన షామియానా వేశారు.
చెన్నై మ్యాపులో మా పేట ఆఖరి మడతలో ఉంటుంది,
అందాకా ఎవరూ విప్పరు.
ఈసారి విప్పారు.

ఇంజినీరమ్మ పేరు కయల్‌విళి.
ఆమె తమిళంలో చెబితే
మా ముసలాళ్ళకి తెలుగులో చెప్పేది నేను.
బళ్ళో దొరకని తెలుగు ఇది,
మాకు తిట్టడానికీ ఏడవడానికీ ఉన్నది,
అక్షరాలు మాత్రం నలభై దాటాక నేర్చుకున్నా.

"ఆస్పత్రి చేతి తొడుగులు, ల్యాబులు తుడిచిన గుడ్డలు,
పాత ఫిల్టర్లు. సిమెంటు కలిపి డ్రముల్లో బిగిస్తాం,
కాంక్రీటు గదుల్లో పెడతాం, మూడొందల ఏళ్ళు కాపలా కాస్తాం."
మూడొందల ఏళ్ళు. రెండుసార్లు చెప్పాను.
మాకు లోతంటే బారలు, బరువంటే తట్టలు,
కాలమంటే శనివారం కూలీ.

"ముప్పై ఏళ్ళకి సగం చస్తుంది" అన్నాను.
మేనత్త పోలేరక్క లేచింది.
"సగం చచ్చినోళ్ళని చూశాలే.
మిగతా సగం ఊరికే పడుండదు."
అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

మామకి గొంతు కింద గడ్డ.
పెద్దాస్పత్రిలో ఏదో మందు తాగించి
మూడు రోజులు సీసం తలుపు వెనక పెట్టారు.
మామ వచ్చాడు, ఆయన చారల తువ్వాలు రాలేదు.
ఆయనా పోయి ఆరేళ్ళు.
"ఆ తువ్వాలు ఇక్కడికే వస్తదా?
వస్తే చెప్పు, ఇప్పుడే వేలిముద్రేస్తా."

కయల్‌విళి కాగితాలు తిప్పింది.
"లేదమ్మా. ఆ మందు మూణ్ణెల్లలో ఆరిపోతుంది.
మామూలు చెత్తలో పోయుంటుంది."
అబద్ధమాడుంటే ఆ పూటే సంతకాలయ్యేవి.
అత్త కూచుంది.
తర్వాత చాలాసేపు
బిర్యానీ పొట్లాలు ఎన్ని తక్కువయ్యాయన్నదే మాట.

సాయంత్రం, కుర్చీలు మడుస్తుంటే,
అత్త మ్యాపు మీద ఎర్రచుక్కలు లెక్కబెట్టమంది.
పదకొండు బోర్లు.
"పదకొండూ మంచి రాతి మీదే వేశారు.
నీళ్ళు మంచి రాయిలో నడవవు తల్లీ,
పగిలిన రాయిలో నడుస్తాయి."
తుమ్మ పొదల మధ్యకెళ్ళి మడమతో గీసింది.
పెళ్ళైన ఏడు తూటా పేలాక
ఆ చోటే కాలికి చల్లగా తగిలిందట.

పన్నెండో బోరు.
అరవై అడుగులు పొడి దుమ్ము.
డ్రిల్లు కుర్రాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.
డెబ్భై నాలుగు దగ్గర బూడిదరంగు బురద,
ఆపైన నీళ్ళు.
కయల్‌విళి ఆ బురదని అరచేతిలో వేసుకుని
బొటనవేలితో రుద్దింది, అచ్చం మాలాగే.

గదులు నాలుగొందల గజాలు పడమటికి జరిగాయి.
"జరిగింది గజాలే, పేట కాదు"
అంటాడు వల్లెపు నరసప్ప, ఇప్పటికీ సంతకం పెట్టలేదు.
అతనిది తప్పని నేననను.
కమిటీలో ఐదుగురం.
నెలనెలా పన్నెండో బోరు నీళ్ళు సీసాకెత్తుతాం,
లెక్క రేషన్ షాపు తలుపుకి అంటిస్తాం,
తమిళం కింద నా వంకర తెలుగులో.

తవ్వకం మొదలైన రోజు
జేసీబీకి అడ్డం నిలబడింది అత్త.
"ఇక్కడ ముట్టుకోకు."
చెరువులు తవ్వేటప్పుడు మావాళ్ళు
గొయ్యి నడుమ ఒక మట్టి స్తంభం వదిలేవాళ్ళు,
నెత్తిన పాత గడ్డితో సహా.
ఎంత లోతు తవ్వామో అదే సాక్షి.
మేస్త్రి కొలుచుకుని, కూలీ చేతిలో పెట్టాక
దాన్నీ కొట్టేసి ఇంటికెళ్ళేవాళ్ళం.

"మరి దీన్నెప్పుడు కొట్టాలి పాట్టీ?"
కుర్రాడు ఇంజను ఆపి అడిగాడు.
నేను తెలుగులోకి మార్చేలోపే
పోలేరక్క వేళ్ళ మీద లెక్క మొదలెట్టింది.
ఒక చెయ్యి అయిపోయింది. రెండోదీ.
నా చెయ్యి లాక్కుంది.